బొజ్జ కొవ్వు, గుండె జబ్బు: ఒక చరిత్ర

1955లో భిలాయి ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ అక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ రోజుల్లో పొట్ట చేతపట్టుకుని భిలాయి చేరిన తొలితరం తెలుగు కార్మికుల స్మృతిలో నన్ను మాట్లాడమన్నారు. వాళ్లు చేతులతో చేసిన పనిలో చాలా భాగం ఇప్పుడు యంత్రాలు చేస్తున్నాయి. వాళ్ల పిల్లలు, మనవలు కంట్రోల్ రూముల్లో కూర్చుంటున్నారు, ఒంటికి శ్రమ తగ్గింది. అందుకే ఈ సభలో గుండె గురించి మాట్లాడటం సబబనుకున్నాను. నా వాదన ఒక్కటే. మనవాళ్ల గుండె జబ్బుల విషయంలో ఎంత బరువున్నారన్నది అంత ముఖ్యం కాదు. కొవ్వు ఎక్కడ చేరింది, అక్కడి నుంచి రక్తంలోకి ఏం వదులుతోంది అన్నవే అసలు ప్రశ్నలు.

కొవ్వంటే మిగిలిన తిండిని దాచుకునే గోదామని వైద్యశాస్త్రం చాలాకాలం అనుకుంది. అయినా 1947లోనే ఫ్రాన్స్‌లోని మార్సే నగరంలో జాఁ వాగ్ అనే వైద్యుడు పొట్ట దగ్గర చేరే కొవ్వునూ, తుంటి దగ్గర చేరే కొవ్వునూ వేరుచేసి చూపాడు. షుగరు, గుండె జబ్బులు మొదటి రకం వాళ్లకే ఎక్కువన్నాడు. ఎందుకో చెప్పడానికి అప్పట్లో ఆధారం లేదు. ఆ ఆధారానికి దారి చూపినవి అమెరికాలోని జాక్సన్ లేబొరేటరీ ఎలుకలు. డగ్లస్ కోల్‌మన్ రెండు ఎలుకల చర్మాలను కలిపి కుట్టి, ఒకదాని రక్తం మరోదానిలోకి చేరేలా చేశాడు. ఒక జాతి లావు ఎలుకను మామూలు ఎలుకతో కలిపితే, మామూలు ఎలుక తిండి మానేసి చచ్చిపోయింది. లావుది ఎప్పట్లాగే తింటూ పోయింది. ఇంకో జాతి లావు ఎలుకను మామూలుదానితో కలిపితే లావుదే తిండి తగ్గించింది. అంటే కడుపు నిండిందని చెప్పే పదార్థమేదో రక్తంలో ఉంది. మొదటి జాతికి ఆ పదార్థం ఉన్నా అందుకునే శక్తి లేదు, రెండో జాతికి ఆ పదార్థమే లేదు. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం దాని జన్యువును పట్టుకుంది. అదే లెప్టిన్, కొవ్వు కణం తయారుచేసే హార్మోన్. తరవాత అడిపోనెక్టిన్ బయటపడింది. అది కొవ్వు కణంలోనే పుడుతుంది, కానీ స్థూలకాయుల రక్తంలో తక్కువగా ఉంటుంది. రక్తంలోని తెల్లకణాలు ధమని గోడకు అంటుకోకుండా అది అడ్డుపడుతుందని 1999లో ఒసాకా శాస్త్రవేత్తలు చూపారు. ధమనిలో పూడిక ఏర్పడటంలో తొలి మెట్లలో ఆ అంటుకోవడం ఒకటి. లెప్టిన్ మితిమీరితే సింపథెటిక్ నాడులు రేగి బీపీ పెరుగుతుంది.

ఇది లావుపాటి వాళ్ల గొడవ, సన్నగా ఉన్న మనకెందుకు అనే వాళ్లున్నారు. నిజానికి ఈ సంగతి మనకే ఎక్కువ కావాలి. 2004లో పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ తమ ఫొటో పక్కపక్కన అచ్చేయించారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తును బట్టి చూసే బరువు సూచిక, ఒకటే, 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్ ఒంట్లో 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. మన శిశువులు పుట్టేటప్పుడే లండన్ శిశువుల కంటే తేలిక. అయినా బరువుకు తగ్గట్టు సరిచూస్తే, బొడ్డుతాడు రక్తంలో లెప్టిన్ మన పిల్లలకే ఎక్కువని యాజ్ఞిక్ బృందం కనుగొంది. తొలి గుండెపోటు వచ్చే సగటు వయసు దక్షిణాసియా వాళ్లకు 53, మిగతావాళ్లకు 58.8 అని 2007లో అంతర్జాతీయ అధ్యయనమొకటి లెక్కగట్టింది.

ఇంకో ఆక్షేపణ బరువైనది. జన్యుపరంగా అడిపోనెక్టిన్ ఎక్కువున్నవాళ్లకు గుండెపోట్లు తగ్గినట్టు తేలలేదు. పైగా గుండె వైఫల్యం ఉన్న రోగుల్లో అది ఎక్కువుంటే మరణాలు ఎక్కువ. ఇది నిజమే, దాటవేయకూడదు. దీన్నిబట్టి అడిపోనెక్టిన్‌ను మందుగా చూడలేం. కొవ్వు కణం ఆరోగ్యాన్ని తెలిపే సూచికగా చూడాలి. కానీ నా వాదన ఒక్క హార్మోను మీద నిలబడలేదు. లైపోడిస్ట్రఫీ అనే అరుదైన జబ్బులో చర్మం కింద కొవ్వే ఉండదు. మరి వాళ్లు ఆరోగ్యంగా ఉండాలిగా? ఉండరు. కొవ్వు కాలేయంలో, కండరాల్లో చేరి చిన్న వయసులోనే తీవ్రమైన షుగర్ వస్తుంది. లెప్టిన్ ఇస్తే చాలామందిలో తగ్గుతుంది. కాబట్టి కొవ్వు శత్రువు కాదు. చోటు తప్పిన కొవ్వు, గతి తప్పిన దాని హార్మోన్లు, అవే ప్రమాదం.

ఈ ఊరికి సంబంధించిన మాట ఇంకొకటుంది, రాత్రి షిఫ్టు. 2009లో బోస్టన్‌లో పదిమందిని పగలు నిద్రపుచ్చి రాత్రి మేల్కొలిపి పరీక్షించారు. లెప్టిన్ 17 శాతం తగ్గింది, రక్తంలో గ్లూకోజ్, బీపీ పెరిగాయి. పదిమందితో చేసినదే, చిన్న ప్రయోగం. అయినా నైట్ డ్యూటీ దిగిన మనిషి ఆకలిని తిండిపోతుతనమని నిందించడం అన్యాయమని చెప్పడానికి అది చాలు.

ఇళ్లకు వెళ్లాక దర్జీ టేపు తీయండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా నడిమధ్య, మామూలుగా ఊపిరి వదిలాక, బిగించకుండా కొలవండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే, తూకం ఎంత చూపినా సరే, షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోండి.