చిన్న జాగాలో అటక ఇల్లు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇండ్ల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను అడిగినారు. నేను ఇంజనీరును కాను. కట్టుబడి పనిలో జుట్టు నెరిసినవాణ్ణి. కాబట్టి చేతికి తెలిసిన సంగతులే చెబుతాను.

మన నస్పూర్‌లో ఆర్కే గనుల్లో, శ్రీరాంపూర్ గనుల్లో పనిచేసేవారికి కొలువు ఉన్నన్నాళ్లు క్వార్టర్ ఉంటుంది. రిటైరైతే ఖాళీ చేయక తప్పదు. చేతికొచ్చిన పైసలతో బిడ్డ పెండ్లి చేయాలా, కొడుకును చదివించాలా, ఇల్లు కట్టాలా? మనలో చాలామందికి అందేది అరవై గజాల జాగా, అంటే 540 చదరపు అడుగులు. అందులో రెండు అర్రలు, వంటిల్లు, స్నానాలగది. ఉండేది ఆరుగురు. పక్కలకు పెరగలేని ఇల్లు మీదికే పెరగాలి. మీదికి అనగానే అందరూ రెండో స్లాబు అంటారు, అప్పుకు పోతారు. అంతకు ముందు అటక సంగతి ఆలోచించమని నా మనవి.

అటక మనకు కొత్త కాదు. గూన పెంకుల ఇండ్లలో దూలాల మీద చెక్కలు పరిచి విత్తనపు జొన్నలు, ఉల్లిగడ్డలు, పెండ్లిళ్లకు వాడే పెద్ద గిన్నెలు దాచుకునేవాళ్లం. స్లాబు ఇండ్లు వచ్చినంక అది సజ్జగా మారి పాత సామాను పాలైంది. నేను చెప్పేది మనిషి పండుకునే అటక, పిల్లలు చదువుకునే అటక.

ముందుగా నా తప్పు ఒప్పుకుంటాను. మా అమ్మాయి పదో తరగతి పరీక్షలకు చదువుకోవాలని సిమెంటు రేకుల కింద అటక కట్టించినాను. తల పైకెత్తితే రేకు తగిలేది. గాలికి దారి పెట్టలేదు. మార్చి నెల రాగానే పిల్ల పుస్తకాలు పట్టుకొని కిందికి దిగింది, మళ్లీ ఎక్కలేదు. పది ఇండ్లకు పని చేసినవాణ్ణి, నా బిడ్డకే కొలిమి కట్టి ఇచ్చినాను.

అప్పటినుంచి నేర్చుకున్నది ఇది. మొదటిది ఎత్తు. 2016 జాతీయ భవన నియమావళి ప్రకారం సామాను పెట్టే అటక ఎత్తు మీటరున్నర దాటకూడదు. మనుషులు మసిలే మధ్య అంతస్తుకు 2.2 మీటర్లు, అంటే దాదాపు ఏడుంబావు అడుగులు తప్పనిసరి. కింద అంత, మీద అంత ఉండాలంటే ఆ అర్ర పదిహేను అడుగుల ఎత్తు లేవాలి. వైశాల్యం ఇంటి విస్తీర్ణంలో మూడోవంతు మించకూడదు. అరవై గజాల ఇంట్లో పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు అటక ఈ లెక్కకు సరిపోతుంది. మిగిలిన జాగా మీది దాకా ఖాళీగా వదలండి, ఇంటికి అదే ఊపిరి.

రెండోది వేడి. మన దగ్గర ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతుంది. వేడిగాలి మీదికే పోతుంది. అందుకే పైకప్పు దగ్గర ఎదురెదురుగా రెండు గవాక్షాలు పెట్టాలి. లారీ బేకర్ (1917–2007) అనే ఆయన కేరళలో పేదలకు తక్కువ ఖర్చుతో ఇండ్లు కట్టి చూపినాడు. ఇటుకలను నిలువుగా పేర్చి నడుమ బోలు వదిలితే ఇటుకలో దాదాపు పావు వంతు మిగులుతుంది, ఎండ కూడా తగ్గుతుంది. స్లాబు వేసేటప్పుడు అడుగుభాగంలో చువ్వల నడుమ పాత పెంకులు పెడితే కాంక్రీటు ఆదా. స్లాబు మీద ఏటేటా సున్నం కొట్టడం మరిచిపోవద్దు.

మూడోది బలం. అటక దూలాన్ని నాలుగున్నర అంగుళాల గోడ మీద మోపవద్దు, తొమ్మిది అంగుళాల గట్టి గోడ కావాలి. బోలు గోడ అయితే దూలం కూర్చునేచోట బోలు పూడ్చి గట్టిగా కట్టాలి. దూలాలు పొట్టి దిక్కుకు వేయాలి. కొనలకు చెదలమందు పూయాలి. ఓపెన్‌కాస్ట్ దాపున ఉన్నవాళ్ల ఇండ్లు బ్లాస్టింగ్‌కు అదురుతాయి కాబట్టి లింటెల్ మట్టంలో చుట్టూ కాంక్రీటు బెల్టు వేయించండి. కొలతలు మేస్త్రీ నోటిమాట మీద కాకుండా ఇంజనీరుకు చూపించి ఖాయం చేసుకోండి.

నాలుగోది జాగ్రత్త. జారే నిచ్చెన వద్దు, గోడకు బిగించిన మెట్లు, పట్టుకునేందుకు కమ్మి ఉండాలి. అటక అంచుకు మూడడుగుల కటకటా పెట్టాలి. వంటింటి మీద అటక కట్టకండి. బొగ్గు పొయ్యి రాజేసి తలుపులు మూసి పండుకుంటే ఆ విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బొగ్గు మీద బతికిన మనకు ఈ మాట ఇంకొకరు చెప్పాలా? ముసలివాళ్లకు, గర్భిణులకు పడక కిందనే ఉండాలి.

ఎత్తు గోడకు, చెక్కకు ఖర్చు ఉన్నమాట నిజమే. కానీ రెండో స్లాబు బరువు, దానికి తగిన పునాది, అప్పు మీద మిత్తి పక్కన పెట్టి లెక్క వేయండి. ముప్పై ఏండ్లు భూమి లోపల చెమటోడ్చి తెచ్చిన సొమ్ము అది, గోడలు కట్టీ కట్టకముందే మిత్తికి పోరాదు.

ఇల్లు ఎంత పెద్దదని చుట్టాలు అడుగుతారు. పరీక్షకు చదివే పిల్ల మాత్రం నాకంటూ ఒక మూల ఉందా అని అడుగుతుంది. ఆ మూల ఇవ్వగలిగితే అరవై గజాలైనా చాలు.