నీళ్ల లెక్క మనమే రాసుకోవాలి
(అనంతపురం జిల్లా రైతుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



పర్యావరణం అనగానే అది పట్నంలో చదువుకున్నవాళ్ల వ్యవహారం అనుకుంటాం. మనకు పర్యావరణం అంటే బోరులో నీళ్లు, వంకలో ఇసుక, గట్టు మీద చెట్టు, చెరువులో చేరిన పూడిక. ఇవి చెడితే మన సేద్యమే చెడుతుంది. అందుకే ఈ రోజు గిట్టుబాటు ధర, పంటల బీమాతో పాటు నీళ్ల గురించి కూడా మాట్లాడుకుందాం.

మన తాతలు కపిల తోలి బావి నీళ్లు తోడారు. ఇప్పుడు ఎన్నో ఊళ్లలో రిగ్గు వందల అడుగులు దిగినా పైకి దుమ్మే వస్తోంది. ఒక బోరు ఎండితే ఇంకొకటి వేస్తున్నాం. పక్క పొలంలో లోతుగా వేసిన బోరు మన బోరును ఎండగొడుతోంది. ఈ పోటీలో బాగుపడిన రైతు లేడు. ఇంట్లో బంగారం కుదువబెట్టి వేసిన బోరులో నీళ్లు పడకపోతే ఆ అప్పు ఇంటిల్లిపాది మీదా పడుతుంది. ఆత్మహత్య చేసుకున్న రైతు ఇంటికి పరామర్శకు వెళ్లినప్పుడు ఎండిన బోర్ల మాట మనం ఎన్నిసార్లు విన్నాం?

ఒక చిన్న లెక్క చూద్దాం. మన జిల్లాలో ఏడాది సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. అంటే ఎకరా నేల మీద పడే వాన 22 లక్షల లీటర్లు. మనది ఎక్కువగా రాతి నేల. పడిన వానలో నూటికి పది పాళ్లు లోపలికి దిగితే గొప్ప. అంటే ఎకరాకు రెండు లక్షల లీటర్ల చిల్లర. ఎకరా వరికి కావలసింది దాదాపు 48 లక్షల లీటర్లు. మడిలోంచి తిరిగి ఇంకేది తీసేసినా, బోరు కింద ఎకరా వరి పెడితే పది పదిహేను ఎకరాల ఊటను ఒక్క పంటకే తోడేస్తున్నాం. అందులో పక్క రైతు వాటా కూడా ఉంది. రాగికైతే ఆ నీళ్లలో మూడో వంతు చాలు.

మరి వరి ఎందుకు పెడుతున్నాం? వడ్లకు కొనుగోలు కేంద్రం ఉంది కాబట్టి. రాగికి మద్దతు ధర ప్రకటిస్తారు, కొనడానికి మాత్రం ఊళ్లోకి రారు. కేంద్రం మద్దతు ధర ఇచ్చే పంటల్లో కొర్ర లేనే లేదు. నీళ్లు పొదుపు చేయమని రైతుకు చెప్పే ప్రభుత్వం ముందు ఈ పంటలను కొనాలి. 2002లో నీరు, భూమి, చెట్ల సంరక్షణకు వాల్టా చట్టం వచ్చింది. ఇసుక తవ్వకాలను అడ్డుకునే అధికారం అందులో ఉంది. అయినా రాత్రిపూట వంకల్లో ట్రాక్టర్లు ఆగడం లేదు. ఇసుక పోతే వంకలో నీళ్లు నిలవవు, పక్కనున్న బావులకు ఊట అందదు.

అయితే తప్పంతా పైవాళ్లదే అని చేతులు దులుపుకోలేం. చెరువులోకి నీళ్లు తెచ్చే వంక కాలువలను దున్నుకున్నది మనమే. నీరుగంటి మాట వినడం మానేసింది కూడా మనమే.

చేయగలమని చూపించిన రైతులు మన మధ్యే ఉన్నారు. ఉమ్మడి రాష్ట్రంలో మన జిల్లాతో సహా ఏడు కరువు జిల్లాల్లో ఎఫ్.ఏ.ఓ. సహకారంతో ఒక పథకం నడిచింది. రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, ఏ పంటకు ఎన్ని కావాలి అని లెక్క వేసుకున్నారు. ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేదు. లెక్క కళ్లముందు ఉంటే రైతు తనే ఆలోచించుకున్నాడు.

మనం కూడా మూడు పనులు మొదలుపెడదాం. ప్రతి ఊళ్లో సంఘం తరఫున వానమాపకం పెట్టి, నెలకోసారి బోర్ల నీటిమట్టం కొలిచి రచ్చకట్ట దగ్గర గోడ మీద రాద్దాం. వానలకు ముందే చెరువు వంక కాలువలు బాగు చేసుకుని, ఆక్రమణలు మన సభ్యులతోనే ముందుగా తీయిద్దాం. చిరుధాన్యాలకు కొనుగోలు కేంద్రాల కోసం, ఇసుక తవ్వకాల మీద చర్యల కోసం మండల కార్యాలయాల ముందు కూర్చుందాం.

భూమిని పిల్లలకు రాసిస్తాం. దాని కింద నీళ్లు లేకపోతే వాళ్లకు మిగిలేది పాసుపుస్తకమే. నీళ్లున్న నేలను వాళ్లకు అప్పగించే బాధ్యత మనది.