ఇంటి జ్ఞాపకములకు మారుప్రతులు

తాటాకు గ్రంథము జీర్ణింపకమునుపే దానికి మరియొక ప్రతి వ్రాయించుట మన పూర్వుల యాచారము. సి.పి. బ్రౌను దొర 19వ శతాబ్దమున కడపలో తన సొమ్ముతో పండితులను నియమించి చేయించిన పని యిదియే. నేడు మన పత్రములు, ఛాయాచిత్రములు, కంఠస్వరములు సైతము ఫోనులలోను కంప్యూటరులలోను చేరినవి. తాటాకు కొన్ని తరములు నిలుచును; అయిదారేండ్లు నిండిన హార్డుడిస్కును నమ్ముట సాహసము.

నా సంగతి చెప్పెదను. నా భార్య గతించుటకు ముందు మనుమరాలికి పాడిన జోలపాటను ఫోనులో పట్టితిని. దానిని కంప్యూటరులోనికి ఎక్కించి, మరల నొక హార్డుడిస్కులో దాచితిని. ఫోనులో చోటు చాలకపోగా అందలి ప్రతిని చెరిపితిని. రెండు ప్రతులున్నవి గదా యని నిశ్చింతగా నుంటిని. అయితే ఆ డిస్కును కంప్యూటరునుండి యెన్నడును ఊడదీయలేదు. ఒక వానకాలపు రాత్రి పిడుగుపడి, తీగెవెంట వచ్చిన విద్యుత్తు రెండింటిని ఒక్కమారే కాల్చెను. నేను రెండనుకొన్నవి నిజమునకు ఒక్కటియే. ఎప్పుడో కోడలికి పంపిన తునక యొకటి ఆమె ఫోనులో దొరకినది. అందు రెండు చరణములే కలవు.

ఈ విద్య నెరిగినవారు మూడు, రెండు, ఒకటి యను లెక్క పాటింతురని పిమ్మట తెలిసినది. అసలుతో గూడ 3 ప్రతులు. అవి 2 విధముల సాధనములపై. వానిలో 1 వేరొక చోట. 2009 అక్టోబరులో కర్నూలు మునిగినది మీరెరుగుదురు. వరదనీటికి అసలని, నకలని భేదము లేదు. కావున ఇప్పుడు ప్రతి అమావాస్యకు డిస్కును తగిలించి, నకలు తీసి, వెంటనే ఊడదీసి పెట్టెలో నుంచుచున్నాను. మూడవ ప్రతి క్లౌడులో, అనగా దూరదేశపు యంత్రములందు, ఉండును. ఇచట నొక జాగ్రత్త: కొన్ని యేర్పాటులలో ఫోనున చెరిపినది అచటను చెరిగిపోవును. అట్టిది అద్దములోని బింబమే గాని మారుప్రతి కాదు. సంక్రాంతికి ఒక్కొక్క నకలును తెరచి, పాట వినబడునో లేదో చూచుచున్నాను. తెరువని నకలును లెక్కలోనికి తీసికొనరాదు.

ప్రభుత్వ ధ్రువపత్రములలో పెక్కింటిని 2015లో నేర్పడిన డిజిలాకరునుండి మరల పొందవచ్చును. జోలపాటను ఏ కచేరివారును మరల నీయలేరు.

పాస్‌వర్డులన్నియు నోటుపుస్తకమున వ్రాసి, అది యుండుచోటు కుమారునికి చూపితిని. ఈ వయస్సున నీకిదేమి చాదస్తము నాన్నా యని నవ్వెను. నవ్వనిండు. పుస్తకమెచట నున్నదో మాత్రము తెలిసికొనెను.