అద్దం బయట కూర్చున్న తల్లి



నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు మందులు కావాలంటే మనం వెంటనే చేయి అందిస్తాం. తల్లి ఎలా ఉందని మాత్రం అడగం. మేమూ చాలాకాలం అడగలేదు.

మా దగ్గర పదో తరగతి చదివిన అమ్మాయి ఒకరోజు ప్రభుత్వాసుపత్రి మెట్ల మీద కనిపించింది. ఆపరేషనై మూడో రోజు. 1,400 గ్రాముల బిడ్డ లోపల బాక్సులో ఉన్నాడు. చెవిలో అజాన్ చెప్పకముందే తీసుకెళ్లారట. చూడవచ్చినవాళ్లంతా "ఏం తిన్నావు? ఎక్కడ తిరిగావు?" అన్నవారే. "ఆపా, నేనేం తప్పు చేశాను?" అని మమ్మల్ని అడిగింది. అన్నం ముట్టడం లేదు, పాలూ సరిగా రావడం లేదు.

రెండు రోజుల తర్వాత నర్సు బిడ్డను ఆమె ఎదమీద పడుకోబెట్టింది. ఆ పూట ఆమె అన్నం తిన్నది.

దీన్ని కంగారూ పద్ధతి అంటారు. ఇంక్యుబేటర్లు చాలక 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైంది. బిడ్డకు వెచ్చదనం, తల్లికి ధైర్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్ని సిఫారసు చేస్తోంది. అయితే కుట్ల నొప్పితో గంటల తరబడి అలా ఉండాలంటే ఆ తల్లికి వాలు కుర్చీ, వేడి అన్నం, రాత్రి పడుకోవడానికి చోటు కావాలి.

ఈ ఏడాది మీ సదఖాలో కొంత వీటికి కేటాయించమని మనవి. డబ్బు లేనివారు ఒక్క మాట ఇవ్వండి: "తప్పు నీది కాదమ్మా."

అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక.