ప్లీహం లేని మనిషికి జ్వరం వస్తే



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట ఏర్పాటైందో ఆ మాస్టారు సర్జన్. ప్లీహం ఎలా తీయాలో ఆయన శిష్యులకు నేను చెప్పక్కర్లేదు. తీసిన ఎన్నో ఏళ్లకు వచ్చే జ్వరం గురించి మాత్రం మాట్లాడతాను.

1952లో అమెరికాలోని ఇండియానాపొలిస్ నుంచి కింగ్, షూమేకర్ అనే వైద్యులు ఐదుగురు పసిబిడ్డల వివరాలు ప్రచురించారు. వంశపారంపర్యంగా వచ్చిన రక్తహీనతకు వాళ్లకు ప్లీహం తీశారు. ఆ తర్వాత ఐదుగురికీ ప్రాణం మీదికి తెచ్చే ఇన్‌ఫెక్షన్లు వచ్చాయి. ఇద్దరు చనిపోయారు. ప్లీహం లేకపోయినా మనిషికి లోటుండదన్న ధీమా అక్కడ సడలింది.

ప్లీహం లేనివారి రక్తపు చుక్కను స్లైడు మీద పరిచి చూడండి. కొన్ని ఎర్రకణాల్లో ఒక మూలగా గుండ్రటి ముదురు చుక్క కనిపిస్తుంది. హోవెల్-జాలీ బాడీ అంటాం. ప్లీహం పనిచేస్తుంటే ఆ చెత్తను ఎప్పటికప్పుడు ఏరేస్తుంది. న్యుమోకాకస్ లాంటి, చుట్టూ జిగురు తొడుగున్న బాక్టీరియాను పట్టుకునేదీ అదే. కాలేయం ఆ పని కొంత చేస్తుంది గానీ, యాంటీబాడీలు బాగా అంటుకున్న వాటినే పట్టగలదు. అందుకే ఉదయం ఒళ్లునొప్పులు, చలిజ్వరం, రెండు వాంతులతో మొదలైనది సాయంత్రానికి బీపీ పడిపోయే దశకు చేరవచ్చు. అలా ముదిరితే సగం మంది వరకు దక్కరు.

కత్తి పడకుండానే ప్లీహం పోయేవాళ్లున్నారు. మన ఆదిలాబాద్ గూడేల్లో, అల్లూరి జిల్లా మన్యంలో సికిల్ సెల్ ఉన్న పిల్లల్లో చాలామందికి చిన్నవయసులోనే అది పనిచేయడం మానేస్తుంది. ఇలాంటి పిల్లలకు రోజూ పెన్సిలిన్ మాత్ర ఇస్తే న్యుమోకాకస్ ఇన్‌ఫెక్షన్లు 84 శాతం తగ్గాయని 1986లో అమెరికా అధ్యయనం తేల్చింది. ఫలితం అంత స్పష్టంగా ఉండడంతో దాన్ని 8 నెలలు ముందే ఆపేశారు. అంత చవకైన మందు!

టీకాల సంగతి మీకు తెలిసిందే: న్యుమోకాకల్, మెనింగోకాకల్, హిబ్, ఏటా ఫ్లూ. ముందే అనుకున్న ఆపరేషనైతే కనీసం రెండు వారాల ముందు వేయాలి. బైకు ప్రమాదంలో ప్లీహం చితికి అర్ధరాత్రి తీయాల్సి వస్తే, రెండు వారాలు ఆగి వేయాలి. మన దగ్గర జారిపోయేది ఈ రెండోదే. కుట్లు విప్పించుకున్న మనిషి మళ్లీ రాడు, మనమూ పిలవం. పైగా టీకాలు అన్ని రకాల బాక్టీరియానూ ఆపవు. కుక్క కరిస్తే రేబిస్ సూది వేసి పంపేస్తాం. ప్లీహం లేనివారికి కుక్కనోటి బాక్టీరియా కూడా ప్రాణాంతకం కాగలదు, యాంటీబయాటిక్ తప్పనిసరి.

హౌస్ సర్జన్లకు నా మనవి ఒకటే. డిశ్చార్జి కాగితం మీద 'స్ప్లీనెక్టమీ' అని ఇంగ్లిషులో గీకి వదిలేయకండి. పర్సులో పట్టే కార్డు మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసివ్వండి: 'నాకు ప్లీహం లేదు. జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకూడదు. వెంటనే యాంటీబయాటిక్ ఇవ్వండి.' రాసిచ్చాక, ఆ మనిషి భార్యకో తల్లికో ఒకసారి చదివి వినిపించండి.