క్రొత్తకారులో కిచకిచ

నంద్యాల నుండి ఆళ్లగడ్డకు 40వ జాతీయ రహదారిపై సుమారు 40 కిలోమీటర్లు. నా కారు కొని మాసమైనను నిండలేదు. ఆ త్రోవలోనే కిచకిచ మొదలయ్యెను. మా అమ్మగారిని అహోబిలమునకుఁ గొనిపోవలసి యుండెను. బ్రేకు లోపమేమోయని నాకు దిగులు. మరమ్మతుశాలవారు రెండుమాఱులు చూచి, యేమియు లేదనిరి. నిలిపిన బండి కూయునా?

శిల్పులు రాతిని తట్టి, నాదమునుబట్టి గుణమెన్నుదురు. నేనును చెవినే నమ్మితిని. బ్రేకు త్రొక్కినను మానినను సద్దొక్కటే. గతుకులలో మాత్రము హెచ్చును. తమ్ముఁడు వెనుకఁ గూర్చుండి యొక్కొక్కచోట నదిమిచూచెను. వెనుకసీటు వీపును నొక్కఁగానే యణఁగినది! లోని కొక్కెము ఇనుపకడ్డీని పట్టుచు జాఱుచు కంపించుచుండెను. కొక్కెము గట్టిగాఁ బడునట్లు చూచి, కడ్డీకిఁ బలుచని గుడ్డపట్టీ చుట్టితిమి.

అహోబిలము త్రోవలో అమ్మ, “ఆ పిట్ట యేదిరా?” యని యడిగెను.