చివరి రోజుల్లో సేవ చేసేవారికి మన అండ
(చెన్నూరులో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో డి.ఆర్. బకాయిల గురించి, పి.ఆర్.సి. గురించి, వైద్య బిల్లుల గురించి ఎన్నోసార్లు మాట్లాడుకున్నాము. మరణం మాట మాత్రం ఎవరూ ఎత్తరు. ఎత్తితే "నలుగురం సంతోషంగ కూసున్నప్పుడు ఆ మాటలెందుకు సారూ" అంటారు. అయినా ఈరోజు ఆ సంగతే చెప్పడానికి అధ్యక్షులవారి అనుమతి తీసుకున్నాను. నేను మాట్లాడబోయేది చనిపోయేవారి గురించి కంటే, వారి మంచం పక్కన కూర్చుని సేవ చేసేవారి గురించి.

మన ఇళ్ళలో పెద్దవారు మంచం పడితే చూసేదెవరు? చాలా ఇళ్ళలో భార్య. ఆమెకూ అరవై ఐదో, డెబ్బయ్యో ఉంటాయి. ఆమెకూ మోకాళ్ళ నొప్పులు, బి.పి., షుగరు ఉంటాయి. లేకుంటే కోడలు, లేదా ఇంటిపట్టున ఉన్న కూతురు. కొడుకు హైదరాబాదులోనో, గల్ఫులోనో, అమెరికాలోనో ఉంటాడు. మనకు సర్వీసులో క్యాజువల్ లీవు, ఎర్న్‌డ్ లీవు ఉండేవి. ఆమెకు ఆదివారం కూడా లేదు. జీతం లేదు, పదవీ విరమణ లేదు. పరామర్శకు వెళ్ళిన మనం "సారుకు ఎట్లున్నది వదినా?" అని అడుగుతాము. "నీకు ఎట్లున్నది వదినా?" అని అడిగేవారు అరుదు.

ఈ శ్రమకంటే పెద్ద బరువు మరొకటుంది. అది నిర్ణయం. అర్ధరాత్రి ఆయాసం ఎక్కువై మంచిర్యాలకో కరీంనగరుకో తీసుకువెళ్తే, అక్కడ డాక్టరు అడుగుతాడు: "వెంటిలేటర్ పెట్టమంటారా, ఇంటికి తీసుకువెళ్తారా?" ఆ ప్రశ్నకు ఆమె ఒక్కతే నిలబడి జవాబు చెప్పాలి. పెట్టమంటే భూమి అమ్మవలసి రావచ్చు. వద్దంటే, దినాలనాడు ఎవరో ఒకరు "ఇంకా పెద్ద దవాఖానకు తీసుకపోతే బతికేవాడు" అంటారు. ఆ ఒక్క మాట ఆమెను జీవితాంతం కాల్చుతుంది. ఇది ఆమె తప్పా? మంచం మీద ఉన్న మనిషి, నోరు బాగున్న రోజుల్లో తనకేమి కావాలో చెప్పకపోవడం వల్ల వచ్చిన కష్టం ఇది.

కనుక నా మొదటి మనవి పింఛనుదారులకే. మీ ఇష్టం మీరే చెప్పండి. భార్యను, కొడుకులను, కూతుళ్ళను ఒకచోట కూర్చోబెట్టి, దూరాన ఉన్నవారిని ఫోనులో కలుపుకుని చెప్పండి. నయం కాని జబ్బు వస్తే ఎంతవరకు వైద్యం కావాలి? చివరి రోజులు ఆసుపత్రిలోనా, ఇంట్లోనా? నేను మాట్లాడలేని స్థితిలో నా తరఫున మాట్లాడేది ఎవరు? అస్థికలు మన గోదావరిలోనా, మరొకచోటా? అందరూ ఒకేసారి వింటే రేపు ఒకరినొకరు నిందించుకునే పని ఉండదు.

చెప్పినదాన్ని కాగితం మీద కూడా పెట్టవచ్చు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, నయం కాని చివరి దశలో కృత్రిమంగా ప్రాణం నిలిపే చికిత్స వద్దని ముందుగానే రాసి ఉంచే హక్కును గుర్తించింది. దీనినే లివింగ్ విల్ అంటున్నారు. అప్పట్లో దానిపై జుడిషియల్ మేజిస్ట్రేటు సంతకం కావలసివచ్చేది. 2023 జనవరి 24న కోర్టు ఆ పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ చేతగాని గెజిటెడ్ అధికారి చేతగాని ధృవీకరించుకుంటే చాలు. మన తరఫున నిర్ణయం చెప్పవలసిన దగ్గరివారి పేర్లు అందులో రాయాలి. మనసు మారితే ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. రాసినంత మాత్రాన డాక్టరు వెంటనే చికిత్స ఆపడు. ఆసుపత్రిలో రెండు వైద్య బోర్డులు, ఒకదాని తరువాత ఒకటి, పరిశీలించి ఒప్పుకోవాలి. ఒకటి స్పష్టంగా చెబుతున్నాను: సూది వేసి ప్రాణం తీయడానికి మన దేశంలో చట్టం ఒప్పుకోదు. ఇది అది కాదు. సర్వీసులో ఎందరి సర్టిఫికెట్లకో ముద్ర వేసిన చేతులు మనవి. మన కాగితానికి జంకనక్కరలేదు.

ఆస్తికి వీలునామా వేరు. దానికి ఇద్దరు సాక్షులు చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గాని చేయిస్తే మంచిది. మతాన్ని బట్టి వారసత్వ నియమాలు మారుతాయి గనుక వకీలును అడగండి. పి.పి.ఓ.లో భార్య పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోతున్నాయో లేదో ఈ వారమే చూడండి. పింఛనుదారు మరణించిన వెంటనే ట్రెజరీకి తెలపాలి. ఆ తరువాత ఖాతాలో పడిన పింఛను తిరిగి వసూలు చేస్తారు. పి.పి.ఓ., పాస్‌బుక్కులు, ఎల్.ఐ.సి. బాండ్లు, మందుల చీటీలు, ఫోను నంబర్లు ఒకే సంచిలో పెట్టి, ఆ సంచి ఎక్కడున్నదో ఇంట్లో ఇద్దరికి చెప్పండి.

ఇక సేవ చేసే తల్లులకు రెండు మాటలు. చివరి రోజుల్లో ఆకలి తగ్గిపోవడం జబ్బు లక్షణం, మీ వంట లోపం కాదు. బలవంతంగా నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. నోరు తడుపుతూ ఉంటే చాలు. కదలలేని మనిషిని సుమారు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పితే పుండ్లు పడకుండా కాపాడవచ్చు. నొప్పిని ఓర్చుకోవాలన్న నియమమేదీ లేదు. క్యాన్సరు నొప్పికి మార్ఫిన్ మంచి మందు. డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే వ్యసనమవుతుందన్న భయం అక్కరలేదు. ఆ మందు దొరకడానికి అడ్డంగా ఉన్న లైసెన్సుల చిక్కులను తగ్గిస్తూ 2014లో చట్టాన్ని సవరించారు.

జబ్బు నయం కాకపోయినా బాధ తగ్గించే వైద్యాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. హైదరాబాదులో ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది. హైదరాబాదులోనే రోటరీ వారు 2011లో ప్రారంభించిన స్పర్శ్ హాస్పీస్ ఉచితంగా సేవ చేస్తున్నది. మన రాష్ట్రంలో జిల్లాల స్థాయిలో కూడా ఇటువంటి ప్రభుత్వ కేంద్రాలు ఏర్పడ్డాయి. "ఇక చేసేదేమీ లేదు, తీసుకుపొండి" అని డాక్టరు అంటే, "పాలియేటివ్ కేర్‌కు రాసివ్వండి" అని అడగండి. వృద్ధుల సమస్యలకు 14567, మనసు కుంగిపోతే మాట్లాడడానికి 14416 ఫోను నంబర్లున్నాయి. రెండోది సేవ చేసేవారికీ పనికివస్తుంది.

అయితే డాక్టర్లతోనే అంతా కాదు. కేరళలో కోజికోడ్ మెడికల్ కాలేజీలో 1993లో చిన్నగా మొదలైన ఈ వైద్యం తరువాత ఊరూరికీ పాకింది. మలప్పురం వంటి జిల్లాల్లో మామూలు ఇరుగుపొరుగువారు శిక్షణ పొంది, చిన్న చిన్న చందాలతో, మంచం పట్టినవారి ఇళ్ళకు వెళ్ళి వస్తున్నారు. వారికున్నదీ మనకున్నదీ ఒకటే ఆస్తి: ఖాళీ సమయం. పొద్దున నడక, పేపరు, మధ్యాహ్నం కునుకు పోను మనకు మిగిలే గంటలు ఎన్నో!

కాబట్టి సంఘానికి నా విజ్ఞప్తి. మంచం పట్టిన సభ్యుల జాబితా ఒకటి తయారు చేద్దాము. వారానికొకసారి ఒక్కో ఇంటికి ఇద్దరు వెళ్ళి, రెండు గంటలు రోగి దగ్గర కూర్చుందాము. ఆ రెండు గంటలు ఆ ఇల్లాలు గుడికి పోనీ, మందులు తెచ్చుకోనీ, కన్ను మూసి నిద్రపోనీ. మహిళా రోగుల ఇళ్ళకు మన సోదరీమణులు వెళ్ళవచ్చు. ట్రెజరీ కాగితాలు తెలిసిన ఒక సభ్యుడు ఫారాలు నింపిపెట్టాలి. మరణం తరువాత పదకొండో రోజుతో మన రాకపోకలు ఆగకూడదు. కుటుంబ పింఛను మొదటి నెల ఖాతాలో పడేదాకా ఆ బాధ్యత మనదే కావాలి.

ఇక పరామర్శకు వెళ్ళినప్పుడు ఒక నియమం పాటిద్దాము. "ఫలానా దవాఖానకు తీసుకపోవల్సింది" అన్న మాట ఎవరి నోటా రాకూడదు. దాని బదులు "నువ్వు చేసిన సేవ మేము చూసినమమ్మా" అందాము. దానికి చందా అవసరం లేదు, తీర్మానమూ అవసరం లేదు.

ఈ పనికి ముందుకు వచ్చేవారు తమ పేర్లు కార్యదర్శిగారి వద్ద నమోదు చేసుకోవలసిందిగా కోరుతున్నాను.